సింగేరులో చేతులు కట్టుకోవద్దు

1

రాఫ్ట్ యాత్రకు అనుమతి ఇస్తూ నీటి ఆఫీసువాళ్ళు పెట్టిన షరతుల్లో ఇదొకటి: ఏ రోజు ఏం జరిగిందో కెప్టెన్ రాసిపెట్టాలి. ఎవరు చదువుతారని అడిగితే, మామూలుగా ఎవరూ చదవరు, ఏదైనా జరిగితే చదువుతాం అన్నారు. ఎవరూ చదవనిదానికి మొహమాటం ఎందుకని నాకు తోచినట్టు రాస్తున్నాను.

నా పేరు పోలమాంబ. ఊరు కొత్తగండి, సింగేరు డ్యాంకి సరిగ్గా కింద. ఏటి ఒడ్డున పుట్టి పెరిగానని గొప్పగా చెప్పుకుంటాను గానీ ఏట్లో నీళ్ళు పారగా నేనెప్పుడూ చూడలేదు. మా అమ్మ కూడా చూడలేదు. ఏరంతా డ్యాం దగ్గరే గొట్టాల్లో దూరి, కొండలు దాటి, సముద్రపు ఒడ్డు నగరాలకు పోతుంది. మా ఇళ్ళకు వారానికి రెండు వంతులు నీళ్ళు వదులుతారు. వంతు వచ్చినప్పుడు రబ్బరు దిండ్లలోకి పట్టుకుని పెరట్లో నీడన పరుచుకుంటాం. ఆ దిండ్లకు చిల్లు పడకుండా కోళ్ళను తోలడమే మా ఊళ్ళో సగం పని.

ఇప్పుడు డ్యాం ముసలిదైపోయింది, పగలగొట్టేస్తున్నారు. ముందుగా గేట్లు తెరిచి నీళ్ళు ఖాళీ చేస్తారు. ఆ నాలుగు రోజులే సింగేరు తేటగా, ఒకే జోరుతో పారుతుంది. ఆ తర్వాత డ్యాం అడుగున పేరుకున్న బురదంతా దిగుతుంది. అది కొట్టుకుపోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆఫీసువాళ్ళే చెప్పలేకపోతున్నారు. నేను అప్పటిదాకా ఉంటానన్న నమ్మకం నాకు లేదు. అందుకే అందరికన్నా ముందు అర్జీ పెట్టాను.

వెళ్ళేది నలుగురం. కెప్టెన్‌గా నేను. నా తోడికోడలు హైమ. దాని మొగుడు, అంటే నా మరిది గౌరీశు. నాలుగో మనిషి దాలినాయుడు మావ, మా హాల్లో నకలేరును నడిపేది ఆయనే. మా ఆయన అప్పన్న రాఫ్ట్ ఎక్కడు. కష్టమైన చోట బండమీద నిలబడి, పడ్డవాళ్ళకి తాడు విసురుతాడు.

నకలేరు గురించి ఆఫీసువాళ్ళకి తెలియదేమో, రాస్తాను. డ్యాం కట్టకముందు ఎవరో పుణ్యాత్ములు సింగేరును రాయి రాయీ కొలిచి పెట్టారు. ఆ కొలతలతో మా హాల్లో రాఫ్ట్ ఆకారం చట్రం ఒకటి ఉంది. ఎక్కి కూర్చుని అద్దాలు తొడుక్కుంటే కళ్ళముందు ఏరు కనబడుతుంది, చట్రం కుదుపుతుంది. నీళ్ళు చిమ్మే స్తోమతు లేదు కాబట్టి మొహాన చల్లగాలి కొడుతుంది. ఊళ్ళో నడక రాగానే పిల్లలు దాని మీదే పెరుగుతారు. ఎక్కడ పెనం, ఎక్కడ అత్తగారి గడప, ఎక్కడ రుబ్బురోలు అని ఏటి ఉరవళ్ళన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలం.

2

రాఫ్ట్ దొరకలేదు. నీళ్ళు లేని దేశంలో రాఫ్ట్ ఎవరు చేస్తారు? దాలినాయుడు మావ ఆలోచించి, నీళ్ళ దిండ్లతో కుట్టేద్దాం అన్నాడు. ఇంటికొక దిండు అడిగాం. ఇవ్వనన్నవాళ్ళు లేరు. కొందరు చిల్లులు పడ్డవి ఇచ్చారు, వాళ్ళ పేర్లు రాయను.

గాలి నింపాక అది రకరకాల రంగుల అతుకులతో బొంతలా తయారైంది. ఒక దిండు మీద ఎవరో పెళ్ళినాడు రాసిన దంపతుల పేర్లు ఇంకా కనబడుతున్నాయి. నీటి ఆఫీసు ఇన్‌స్పెక్టర్ సుహాసిని వచ్చి ఎక్కి తొక్కి చూసింది. నెమ్మదైన పిల్ల, అన్నీ వివరంగా చెప్పింది. రాఫ్ట్‌లో నలుగురికి తక్కువైతే పంపనంది. మనుషుల్ని రాఫ్ట్‌కి గానీ తెడ్డుకి గానీ కట్టకూడదంది, బోల్తాపడితే ఆ కట్టే చంపుతుందట. గౌరీశు ఒక్కడికే ఈత వచ్చు, సముద్రం ఒడ్డున పనిచేసి వచ్చాడు. మిగతావాళ్ళకి జాకెట్ తేలుస్తుంది, చేతులూ కాళ్ళూ ఆడించి అందినది పట్టుకుంటే చాలని చెప్పింది.

"అందినది పట్టుకోవడం మా హైమకి చెప్పాలా తల్లీ, మా మరిదిని అలాగే పట్టుకుంది" అన్నాను. హైమ నవ్వలేదు. యాత్ర విషయంలో తను చాలా సీరియస్‌గా ఉంది. నకలేరు పోటీల్లో తనను ఓడించినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. అయినా పల్లపు ఊళ్ళవాళ్ళు ప్రతిసారీ ఒకే మాట అంటారు, గదిలో కూర్చుని ఏరు దాటిందని.

3

ఈ రోజు ఎండిన ఏట్లో దిగి నడిచాం. పెనం అలాగే ఉంది. అత్తగారి గడప అంచు కాస్త అరిగింది. రుబ్బురోలు దగ్గర అందరం ఆగిపోయాం.

అక్కడ నీళ్ళు ఎత్తునుంచి గుండంలోకి పడి, బయటికి పోకుండా అక్కడే గిరగిరా తిరుగుతాయి. పడ్డది పిండి అయ్యేదాకా వదలదని ఆ పేరు. నకలేరులో దాన్ని తప్పించుకోవడానికి ఎడమవైపు నున్నటి దారి ఉంటుంది. ఇప్పుడక్కడ ఇంటి గదంత బండ పడి ఉంది. ఎప్పుడో కొండ మీదనుంచి దొర్లినట్టుంది, దాని మీద సీతాఫలం చెట్టు కూడా మొలిచింది.

"నకల్లో ఈ బండ లేదు" అన్నాడు దాలినాయుడు మావ, తప్పు బండదే అన్నట్టు.

రెండు పక్కలా నిలువు కొండ, రాఫ్ట్ మోసుకుపోయే దారి లేదు. బండకీ గుండానికీ మధ్య సందులోంచి దూరాలి. గౌరీశు బారలతో కొలిచాడు. రాఫ్ట్ పడుతుంది, తెడ్లు చాపితే పట్టవు. హైమ ఆ సందులో అటూ ఇటూ నడిచి, ఎక్కడ ఏ తెడ్డు వెయ్యాలో కాలితో ఇసకలో గీసి చూపించింది. తను చెప్పింది సరిగ్గా ఉంది. దిగువనున్న బండమీద అప్పన్న నిలబడితే తాడు అందుతుందని కూడా చూసుకున్నాం.

4

మేం సాధన చెయ్యడానికి ఒక గేటు జానెడు తెరిచారు. డ్యాం కింద మడుగు నిండింది.

నీళ్ళు వచ్చే చప్పుడు హాల్లో విన్న చప్పుడులా లేదు. ముందు కాళ్ళకి తెలిసింది, తర్వాత చెవికి. ఊరంతా వచ్చి ఒడ్డున నిలబడింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. దాలినాయుడు మావ దోసిట్లో పట్టి తాగి, "వంతు అడక్కుండా తాగడం ఇదే" అన్నాడు.

తర్వాత సుహాసిని చెప్పినట్టు రాఫ్ట్‌ని కావాలని బోల్తా కొట్టించాం. కెప్టెన్ రాఫ్ట్ వదలకూడదు కాబట్టి నేను దాని పక్కతాడు పట్టుకునే ఉన్నాను. గౌరీశు బూతులు తిడుతూ పైకి తేలాడు. మావ కాళ్ళు కొట్టుకుంటూ వచ్చి తాడు అందుకున్నాడు. హైమ చివరికి తేలింది. వెల్లకిలా, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, కళ్ళు మూసుకుని, హాయిగా నిద్రపోయే మనిషిలా మడుగు చివరికి కొట్టుకుపోతోంది. ఒక అల మొహం మీదనుంచి పోయింది. అయినా చేతులు విప్పలేదు. గౌరీశు ఈదుకుంటూ పోయి కాలర్ పట్టి లాక్కొచ్చాడు.

హైమ కళ్ళు తెరిచి అటూ ఇటూ చూసి, "దీపం ఎలగలేదేటి?" అంది.

మావ నవ్వాడు. మాకెవరికీ నవ్వు రాలేదు.

నకలేరు మీద భయమేస్తే, పడిపోతే, కళ్ళు తిరిగితే గుండెల మీద చేతులు కట్టుకుని కళ్ళు మూసుకోవాలి. చట్రం ఆ క్షణమే ఆగిపోతుంది. దీపం వెలుగుతుంది, ఎవరో ఒకరు వచ్చి అద్దాలు తీసి మంచినీళ్ళిస్తారు. పిల్లలకి మేం మొట్టమొదట నేర్పేది అదే. హైమకి నేర్పింది నేనే.

5

చేతులు కట్టుకోవడం హాలు దాటి ఎప్పుడో ఊళ్ళోకి వచ్చేసింది. మా కొత్తగండిలో పోట్లాట మధ్య ఎవరైనా చేతులు కట్టుకుంటే అవతలివాళ్ళు నోట్లో ఉన్న మాట నోట్లోనే ఆపెయ్యాలి. విస్తరి ముందు కట్టుకుంటే గరిటె వెనక్కి తీసుకోవాలి. పెళ్ళిచూపుల్లో పిల్ల కట్టుకుంటే మగపెళ్ళివారు కాఫీ తాగి లేచిపోవాలి. కట్టుకున్నాక కూడా ఆగనివాళ్ళు మా ఊళ్ళో లేరు. నేనూ హైమా పదిహేనేళ్ళుగా ఒక వంటింట్లో బతుకుతున్నామంటే దాని చలవే. పెద్దదాన్ని కాబట్టి ఎక్కువసార్లు కట్టుకునేది నేనే.

ఇవాళ్టి నుంచి యాత్ర అయ్యేదాకా మా ఇంట్లో ఎవరూ చేతులు కట్టుకోకూడదని చెప్పాను. మధ్యాహ్నానికే నాకూ హైమకీ పులుసులో బెల్లం దగ్గర మొదలైంది. ఎలా ఆపాలో ఇద్దరికీ తెలియదు. పులుసు చల్లారింది, మగాళ్ళు తిని లేచిపోయారు, మేం ఇంకా బెల్లం దగ్గరే ఉన్నాం.

గౌరీశుకి ఇంకో పని అప్పగించాను. హైమ ఏమరుపాటుగా ఉన్నప్పుడు మొహాన గ్లాసుడు నీళ్ళు కొట్టాలి, తను వెంటనే పక్కన ఏదుంటే అది పట్టుకోవాలి. పొద్దున గుమ్మం పట్టుకుంది. తర్వాత గరిటె. సాయంత్రం గౌరీశు జుట్టు పట్టుకుంది, అది పొరపాటున కాదని వాడి అనుమానం. మొత్తానికి బాగా కుదురుతోందని అనుకున్నాం.

6

మళ్ళీ మడుగులోకి వెళ్ళాం. హైమ మొదటిసారి తాడు పట్టుకుంది. రెండోసారీ పట్టుకుంది. మూడోసారి గేటు ఇంకొంచెం తెరిచారు. నీళ్ళు తనను ఒక్క తిప్పు తిప్పేసరికి చేతులు వాటంతట అవి గుండెల మీదికి వచ్చేశాయి. ఈసారి గౌరీశు చేరేసరికి నీళ్ళు మింగింది. ఒడ్డున పడుకోబెట్టి కక్కించాం.

గౌరీశు దాని చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటిదాకా నా వెనకే నడిచి, వాకిట్లో, "వదినా, నువ్వే ఏదోటి సెయ్యి" అన్నాడు. నేను కెప్టెన్‌ని. చెయ్యాల్సింది ఒకటే ఉంది.

హైమ తల ఆరబెట్టుకుంటోంది. వెళ్ళి చెప్పాను.

"పిల్లా, నువ్వు రావద్దు. నీ సోట్లో మీ బావగారు కూకుంటాడు. తాడు ఇంకెవులైనా ఇసురుతారు."

"బావగారికి ఎడమేదో కుడేదో తెల్దు."

"ఎడమ కుడి నాను సెప్తాను. బతకడం నాను సెప్పలేను."

"మూడుసార్లలో ఒక్కసారే కదా కట్టుకున్నాను."

"ఏటికి ఒక్కసారి సాలు."

హైమ తువ్వాలు పక్కన పడేసింది. "గదిలో ఏరు దాటిందని ఎంతమందితో అనిపించుకున్నాను అక్కా. పోటీలు గెలిసొచ్చిన రోజు కూడా అదే మాట. ఒక్కసారి, ఒకేఒక్కసారి నన్ను నిజం నీళ్ళ మీద కూకోనీ. ఆ సందు ఎలా దాటాలో నాకు తప్ప మీకెవరికీ తెల్దు, ఆ సంగతి నీకూ తెలుసు."

తెలుసు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. గొంతు పెంచాను. హైమ నావైపే చూస్తూ, చెప్పిన మాట మర్చిపోయి, చేతులు కట్టుకుంది.

నేను ఆగలేదు.

జన్మలో నేనలా చేసి ఎరగను. "కట్టుకో, ఇంకా గట్టిగా కట్టుకో. దీపం ఎలుగుతాది, మంచినీళ్ళిస్తారు. నిన్ను బోర్లించి తెచ్చి గౌరీశు ముందర పెట్టమంటావేటి? పదిహేనేళ్ళు ఒక పొయ్యి దగ్గర సచ్చాం, రేపు ఆ పొయ్యి దగ్గర నాను ఒక్కదాన్నే నిలబడాలా? సెప్పు, ఎవులితో పోట్లాడాలి నాను?" ఇంకా చాలా అన్నాను. హైమ ముందు నమ్మలేనట్టు చూసింది. చేతులు ఇంకా బిగించింది. నేను ఇంకా అంటూనే ఉన్నాను. ఉన్నట్టుండి తను రెండడుగులు ముందుకు వేసి అరచేత్తో నా నోరు మూసేసింది.

గట్టి చెయ్యి. పళ్ళు పెదవికి గుచ్చుకున్నాయి. తర్వాత హైమ ఏడుస్తూ లోపలికి పోయింది. రాత్రి ఎవరి అన్నం వాళ్ళు పెట్టుకున్నాం.

7

పొద్దున్నే పొయ్యి దగ్గరికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నిన్న నాను కట్టుకున్నా నువ్వు ఆగలేదు" అంది.

"తప్పే."

"అది కాదు. నువ్వు ఆగకపోయీసరికి నా సేతులు వాటికవే ఊడొచ్చేసినాయి. ఇంకేటి సెయ్యాలో తెలీక పట్టీసుకున్నాను. మడుగులో కూడా నన్ను అలాగే తిట్టు."

ఎగతాళి అనుకున్నాను. కాదు. గేటు నిన్నటికన్నా ఎక్కువ తెరిపించి తను రాఫ్ట్ మీదనుంచి దూకింది. నేను ఒడ్డున నిలబడి తిట్టడం మొదలుపెట్టాను. పులుసులో బెల్లం దగ్గర మొదలుపెట్టి దాని పుట్టింటివాళ్ళ దాకా వెళ్ళాను. నీళ్ళు తనను తిప్పాయి, ముంచాయి. చేతులు గుండెల దాకా రావడం, అక్కడినుంచి విడిపోయి తాడు కోసం చాచడం నా కళ్ళారా చూశాను. మళ్ళీ దూకింది. మళ్ళీ తిట్టాను. నా గొంతు బొంగురుపోయాక తిట్లు లేకుండా కూడా దూకింది. ఒక్కసారి కూడా కట్టుకోలేదు.

సుహాసిని చూస్తూనే ఉంది. "మీ పద్ధతి మా రూల్స్‌లో లేదండీ. కానీ నాకు అభ్యంతరం లేదు" అంది.

హైమ వస్తుంది. అయితే ముందు సీటు నుంచి తీసేసి వెనక నా పక్కన కూర్చోబెడతానన్నాను, పడితే పట్టుకోవడానికి వీలుగా ఉంటుందని. తనకి కష్టంగానే ఉంది గానీ ఒప్పుకుంది. రేపు గేట్లన్నీ ఎత్తుతారు, రేపే ప్రయాణం. రాగిపిండితో చోడి రొట్టెలు చేసి గుడ్డలో కట్టాను. అప్పన్నకి వేరే మూట కట్టాను, ఆయన తెల్లారకముందే కొండెక్కి బండమీదికి దిగాలి.

8

ఏటి చివర, ఇసక దిబ్బ మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు సరిగా లేకపోతే ఆఫీసువాళ్ళు సర్దుకోవాలి.

పెనం సాఫీగా దాటాం. నీళ్ళు నిజంగానే నూనెలా చిటపటలాడుతూ ఎగిరాయి. అత్తగారి గడప దగ్గర రాఫ్ట్ ముక్కు పైకి లేచి, మావ సీటులోంచి జారి మళ్ళీ సీట్లోనే పడ్డాడు. గౌరీశు పాట ఎత్తుకున్నాడు. హైమ మాట్లాడలేదు, నీళ్ళనే చూస్తోంది. నేను ఇంతవరకూ తన మొహంలో అంత సంతోషం చూడలేదు.

రుబ్బురోలు ముందు ఏరు చప్పుడు మారింది. బండ కనబడింది. సీతాఫలం చెట్టు అప్పటికే లేదు. "కుడి వెనక్కి, ఎడమ ముందుకి" అని అరిచాను. హైమ ఇసకలో గీసినట్టే సందులోకి దూరాం. అంతా సరిగ్గానే చేశాం. రాఫ్ట్ వెనక భాగం మాత్రం బండకి రాసుకుని ఒక్క ఎగురు ఎగిరింది. పక్కతాడు నా చేతికి అందలేదు. నేను నీళ్ళలో ఉన్నాను.

లోపల చీకటిగా ఉంటుందనుకునేదాన్ని. తెల్లగా ఉంది, అంతా నురగ. గుండం నన్ను కిందికి లాగి, పైకి తోసి, మళ్ళీ లాగింది. నేను చేతులు కట్టుకున్నాను.

ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా. నేను, కెప్టెన్‌ని, గుండెల మీద చేతులు బిగించి కట్టుకుని కళ్ళు మూసుకున్నాను. భయం కూడా వెయ్యలేదు. ఇక అయిపోయింది, ఎవరో వచ్చి అద్దాలు తీస్తారు అనుకున్నాను. తీరిగ్గా ఎదురుచూశాను. నేను చేతులు కట్టుకుంటే నా ఇంట్లో గానీ, హాల్లో గానీ, ఊళ్ళో గానీ ఆగనిదంటూ ఇంతవరకూ ఏదీ లేదు. అప్పన్న విసిరిన తాడు నేను తేలినప్పుడు సరిగ్గా నా చేతుల మీదే పడి, అక్కడినుంచి జారిపోయిందట. ఆయన తర్వాత చెప్పాడు, చెబుతూ ఏడ్చాడు.

గుండం మూడోసారి పైకి తోసినప్పుడు నా పేరు వినబడింది.

"ఒసే పోలమాంబా."

అక్కా అని కాదు. నా కన్న తల్లి తర్వాత నన్ను ఒసే అన్నవాళ్ళు లేరు. కళ్ళు తెరిచాను. మగాళ్ళిద్దరూ రాఫ్ట్‌ని బండ చాటున నిలిపి ఉంచారు. గౌరీశు హైమ కాళ్ళు ఒక చేత్తో పట్టుకుని ఉన్నాడు. హైమ నడుం దాకా నీళ్ళ మీదికి వంగి నన్ను తిడుతోంది. బెల్లం అంది, నా పొగరంది, పెద్దరికం అంది. మడుగు ఒడ్డున నేనన్నవన్నీ ఏరుకుని ఒక్కొక్కటే నా మొహాన కొట్టింది. నా పుట్టింటివాళ్ళ దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిస్తే నీళ్ళు పోయాయి. దాని చెంప పగలగొడదామని, నిజంగా అందుకనే, చెయ్యి విప్పి చాచాను.

హైమ మణికట్టు పట్టుకుంది.

రాఫ్ట్‌లో పడ్డాక దగ్గుతూ, కక్కుతూ ఎంతసేపున్నానో తెలియదు. మావ నా వీపు రుద్దుతున్నాడు. హైమ పెదవి చిట్లి రక్తం కారుతోంది. "నువ్వు పోతే నాను ఎవులితో పోట్లాడాలి" అంది.

ముందు ఇంకా రెండు ఉరవళ్ళున్నాయి. బండ చాటునుంచి బయటపడగానే ఏరు మమ్మల్ని మళ్ళీ లాక్కుంది. కెప్టెన్ ఆజ్ఞ కోసం మగాళ్ళిద్దరూ వెనక్కి తిరిగి నావైపు చూశారు. నేను నోరు తెరిచాను. గొంతులోంచి మాట రాలేదు.

హైమ రాఫ్ట్‌లోనే పడి ఉన్న నా తెడ్డు తీసి నా చేతుల్లో పెట్టి, నా వేళ్ళు ఒక్కొక్కటే దాని చుట్టూ మూసింది. తర్వాత నీళ్ళవైపు తిరిగి, "ముందుకి" అంది.

నేను తెడ్డు వేశాను.